గ్రాము మట్టికి తొమ్మిది సెంట్లు

ఈ ఏడు కాలవకు ఎర్రనీళ్ళు జులై రెండో తేదీన వచ్చాయి. పదమూడో తేదీ వరకు చూశాను. ఫోను రాలేదు.

2004 నుంచి 2008 వరకు వరసగా ఐదేళ్ళు, వరద గోదావరి కాలవల్లోకి దిగి నీళ్ళ రంగు మారిన రోజునో మర్నాడో సామర్లకోట నుంచి మేస్త్రీగారి ఫోను వచ్చేది. "మేడంగారూ, ఎర్రనీళ్ళొచ్చాయండి. పటిక జాగ్రత్త." అంతే. నేను బదులు చెప్పేలోపు అవతల నవ్వు వినిపించేది, వెంటనే ఫోను పెట్టేసిన చప్పుడు. ఐదు ఫోన్ల తేదీలూ నా డైరీల్లో ఉన్నాయి. ఒక్కటీ నిమిషం దాటలేదు.

పద్నాలుగో తేదీ పొద్దున నేనే చేశాను. వాళ్ళమ్మాయి ఎత్తింది.

"నాన్నగారు వైశాఖంలో పోయారండి. కాలేజీ మేడంగారికి చెప్పాలని చాలా వెతికామండి. మీ నంబరు ఆయన బుర్రలోనే ఉండేది, ఎక్కడా రాసుకోలేదు."

నిజమే, ఆయన ఏదీ రాసుకోరు. రాయడమంతా నా పని. ఆ అమ్మాయితో ఇంకా కొంత మాట్లాడాను; అది చివర చెబుతాను. ముందు ఆయన సంగతి చెప్పాలి.

సామర్లకోటలో కాలవగట్టు పక్కన ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. బియ్యం మిల్లులకు రబ్బరు రోలర్లు తయారుచేసేవారు. మిల్లులో వడ్లు రెండు రబ్బరు రోలర్ల మధ్య నుంచి దిగుతాయి. ఒకటి వేగంగా, ఇంకొకటి కాస్త నెమ్మదిగా తిరుగుతూ పొట్టు ఒలిచేస్తాయి. వడ్ల పొట్టు ఆకురాయిలాంటిది. ఎంత గట్టి రబ్బరైనా కొన్నాళ్ళకు అరిగిపోవలసిందే. టైరుకు కలిపినట్టు నల్లపొడి కలిపి గట్టిపరుద్దామంటే బియ్యం మీద నల్లచారలు పడతాయి, మిల్లరు ఊరుకోడు. తెల్లపొడితోనే నెట్టుకురావాలి. షెడ్డులో ఆరుగురు పనిచేసేవారు. అందరూ ఆయన్ని మేస్త్రీగారు అనేవారు. నేనూ అలాగే పిలిచేదాన్ని.

నేనప్పుడు కాకినాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ టెస్టింగ్ ల్యాబు కూడా చూసుకునేదాన్ని. రిటైరవడానికి రెండేళ్ళుంది. 2002 నవంబరులో ఒకరోజు ఆయన న్యూస్‌పేపరులో చుట్టిన రబ్బరు ముక్క ఒకటి పట్టుకొచ్చి, ఇది ఎంత గట్టిగా ఉందో కొలిచి పెడతారా అని అడిగారు. నేను గేజి తీసుకొచ్చేలోపు ఎడమచేతి బొటనవేలి గోరు రబ్బరులోకి నొక్కి, వదిలి, ఆ గంటు పూడుకునేదాకా చూసి, "ఎనభై రెండండి" అన్నారు.

నేను గేజి పెట్టి చూశాను. "ఎనభై మూడు."

"మీ ముల్లు పొద్దున్నే కాఫీ తాగొచ్చినట్టుందండి. ఓ గీత హుషారుగా ఉంది."

నాకు కోపం వచ్చింది. ఆయన వెళ్ళాక గేజిని మా ప్రామాణిక దిమ్మ మీద పెట్టి సరిచూశాను. ఒక గీత ఎక్కువే చూపిస్తోంది.

ఆ బొటనవేలి గోరు ఒక్కటే ఆయన పెంచేవారు. మిగతా తొమ్మిదీ మొదలంటా కత్తిరించి ఉండేవి. గోరు తర్వాత పన్ను. ఏ రబ్బరు చేతికొచ్చినా ఒక మూల కొరికి, కళ్ళు మూసుకుని నమిలి, పక్కకు తిరిగి ఊసేవారు. ఆ తర్వాత చెవి. ముక్కను నడుమెత్తు నుంచి గచ్చు మీదికి వదిలి, అది ఎగిరి పడే చప్పుడు వినేవారు. "రబ్బరు పలకాలండీ" అనేవారు. బాగుంది, బాగాలేదు అన్న మాటలు ఆయన నోట నేను వినలేదు. పలికింది, లేకపోతే మూగబోయింది. ఈ రెండే.

మొదటిసారి ఆయన షెడ్డుకు వెళ్ళినప్పుడు మిక్సింగు మిల్లు తిరుగుతోంది. రెండు ఇనప దూలాలు ఎదురెదురుగా తిరుగుతూ రబ్బరును లోపలికి లాక్కుని పిండి ముద్దలా నలుపుతుంటాయి. నేను దగ్గరకెళ్ళగానే ఆయన మోటారు ఆపేశారు. పనివాళ్ళంతా నావైపు చూశారు.

"ఏమైందండీ?" అన్నాను.

"పమిట దోపుకోండి మేడంగారూ. దోపుకుంటేనే ఇది తిరుగుద్దండి."

ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న మనిషిని. నాకెవరూ పమిట గురించి చెప్పలేదు. దోపుకున్నాను. మోటారు తిరిగింది. ఆ షెడ్డులో భుజాన తువ్వాలు ఉండకూడదు, చేతికి తాడు ఉండకూడదు, చొక్కా చేతులు మోచేతి కిందికి దిగకూడదు. పంతొమ్మిదేళ్ళలో ఆ మిల్లు ఎవరి వేలూ తీసుకోలేదన్నదే ఆయన చెప్పుకునే ఒకే ఒక్క గొప్ప.

మట్టి సంగతి ఎత్తింది నేనే. ఒక జర్నల్లో చదివాను. బెంటొనైట్ అనే మట్టి ఉంది. అది పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో పది లక్షో వంతు. ఆ పొరల్ని పూర్తిగా విడదీసి రబ్బరులో పరచగలిగితే, నూటికి ఐదు పాళ్ళు చాలు, రబ్బరు ఎన్నోరెట్లు తెల్లపొడి కలిపినంత గట్టిపడుతుంది. నల్లచార పడదు. ఇదంతా ఆయనకు బోర్డు మీద గీసి చెప్పాను.

ఆయన బోర్డు వంక చూసి, "ఇవి పూతరేకులండి" అన్నారు.

ఆయనది ఆత్రేయపురం. తల్లి పూతరేకులు తీసేది. "ఎండిపోయిన రేకుల దొంతర చేత్తో విడదీస్తే పొడైపోద్దండి. తడిగుడ్డ అద్దితే మెత్తబడి చెప్పిన మాట వింటుంది. ఈ మట్టీ అంతే అయ్యుంటుంది. ఎండు రబ్బర్లో ఎండుమట్టి పోసి నా మిల్లు ఎంత నలిపినా దొంతర దొంతరగానే ఉండిపోద్ది. ముందు నీళ్ళలో నాననివ్వాలి. పొరలు విడిపోయాక ఆ నీళ్ళు తెచ్చి రబ్బరు పాలల్లో పోయాలి. అప్పుడు విరగ్గొట్టాలి."

జర్నల్లో నాలుగు పేజీల్లో ఉన్నది ఆయన ఊపిరి తీసుకోకుండా చెప్పేశారు. ఆ రోజు నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. వెంటనే లెక్క కట్టి చూపించాను. ఒక గ్రాము మట్టిలో పొరలన్నీ విడిపోతే, పైవైపు కిందివైపు కలిపి సుమారు ఏడువందల యాభై చదరపు మీటర్లు. సెంటు నలభై చదరపు మీటర్లు, చిల్లర. అంటే పద్దెనిమిదిన్నర సెంట్లు.

"గ్రాముకాండీ?"

"గ్రాముకే."

ఆయన కాసేపు ఆలోచించి, "భూమికి కిందివైపు పంట పండదు కదండీ, సగం కొట్టేయండి" అన్నారు.

కొట్టేశాను. తొమ్మిదీ పావు సెంట్లు. కిలోకు తొంభై రెండున్నర ఎకరాలు. మర్నాడు ఆయన ఐదు కేజీల మట్టి సంచి భుజాన పెట్టుకుని ల్యాబు మెట్లెక్కుతూ, ఎదురొచ్చిన మా అటెండరుతో, "జరగవయ్యా, నాలుగువందల అరవై ఎకరాలు మోసుకొస్తన్నాను" అన్నారు. అటెండరు నిజంగానే గోడకు ఒత్తుకుని దారిచ్చాడు.

2003 జనవరి నుంచి మే వరకు శనివారాలన్నీ దానికే పోయాయి. మట్టిని డిస్టిల్డ్ వాటర్లో పూటంతా కలిపేవాళ్ళం. కేరళ నుంచి వచ్చే రబ్బరు పాలు క్యానులో ఉండేవి. మూత తీస్తే అమ్మోనియా ఘాటుకు కళ్ళ నీళ్ళొచ్చేవి. రెండూ కలిపి చుక్క చుక్కగా ఆసిడ్ వేస్తే పాలు విరిగి తెల్లటి ముద్ద కట్టేది. దాన్ని కడిగి, ఆరబెట్టి, మిల్లులో గంధకం కలిపి, వేడి ప్రెస్సులో పలక చేసేవాళ్ళం. ఆ పలక నుంచి డంబెల్ ఆకారంలో ఆరేసి ముక్కలు కోసి మెషీనుకు తగిలించి లాగడం నా పని. ఆరు ముక్కల సగటే నేను రిజిస్టరులో రాసేది. ఒక్క ముక్క బాగా వచ్చిందని సంబరపడటం నాకు ఇష్టం ఉండదు.

మట్టి లేని రబ్బరు సగటున ఇరవై రెండు కేజీల దగ్గర తెగింది. మట్టి కలిపిన మొదటి నాలుగు విడతలూ అటూ ఇటూ అక్కడే. పొరలు సరిగా విడిపోవడం లేదు. కలిపే వేగం మార్చాం, నానబెట్టే సమయం మార్చాం. ఐదో విడత ఏప్రిల్ పంతొమ్మిదిన. ముక్క సాగుతుంటే ఆయన మెషీను ముందు గొంతుక్కూర్చుని కన్ను దానికి సమానంగా పెట్టారు. నేను ముల్లు చదువుతున్నాను. ఇరవై రెండు దాటింది. ఇరవై నాలుగు. ఇరవై ఆరు. ముక్క ఆరింతలు సాగి దారంలా సన్నబడి ఇంకా తెగడం లేదు. పక్క గదిలో ప్రాక్టికల్స్ చేస్తున్న పిల్లలు కూడా వచ్చి నిలబడ్డారు. ఇరవై తొమ్మిది దగ్గర ఫట్‌మని తెగింది.

"పలికింది" అన్నారాయన నేల మీదే కూర్చుండిపోయి.

"ఇంకా ఐదు ముక్కలున్నాయి" అన్నాను. ఆరూ లాగాను. సగటు ఇరవై తొమ్మిది. తెగిన మొదటి ముక్క సగం ఆయన జేబులో వేసుకున్నారు. అప్పటినుంచి మాట్లాడుతున్నంతసేపూ దాన్ని వేళ్ళ మధ్య సాగదీస్తూ వదులుతూ ఉండేవారు. రెండో సగం నా రిజిస్టరులో అంటించుకున్నాను.

ల్యాబులో బీకరు నిండా చేయడం వేరు, మిల్లుకు రోలరు చేయడం వేరు. ఆ తొందర జూన్‌లో వచ్చింది. ఆయన దగ్గర రోలర్లు తీసుకునే మిల్లుల్లో పెద్దది ఒక రాజుగారిది. ఆయన షెడ్డుకే వచ్చి నా ముందే చెప్పారు.

"మేస్త్రీ, నీ మీద అభిమానం వేరు, నా మిల్లు వేరు. కంపెనీ రోలర్లు నూట పది గంటలాడుతున్నాయి. నీవి ఎనభై దాటటంలేదు. జులై ఇరవై ఒకటి సోమవారం నాకు కొత్త జత ఎక్కాలి. నీదే ఎక్కిస్తాను. నూట పది దాటిందా, మావాళ్ళ మిల్లులన్నీ నీకే. దాటలేదా, ఏడాదికి కంపెనీవాళ్ళకి మాటిచ్చేస్తాను. తర్వాత నన్ననుకోకూడదు."

"ఆయ్" అన్నారు మేస్త్రీగారు. మా వైపు సరేనండీ అని చెప్పడానికి ఆ ఒక్క మాట చాలు.

రాజుగారు తప్పుకుంటే మిగతా మిల్లులూ తప్పుకుంటాయి. మిక్సింగు మిల్లును కొనడానికి విజయవాడ నుంచి ఒకాయన అప్పటికే వచ్చి దూలాల చుట్టుకొలత తీసుకుని వెళ్ళాడు. ఇరవై ఒకటి తర్వాత కబురు చేస్తానని మేస్త్రీగారు చెప్పి పంపారట. ఈ సంగతి నాకు పనివాళ్ళు చెప్పారు, ఆయన చెప్పలేదు.

ఒక జత రోలర్లకు సరిపడా రబ్బరు కావాలంటే మట్టి నానబెట్టడానికే అరవై లీటర్ల నీళ్ళు కావాలి. మా ల్యాబులో డిస్టిల్డ్ వాటర్ రోజుకు ఎనిమిది లీటర్లు దిగేది. సగం పిల్లల ప్రాక్టికల్స్‌కు పోతుంది. మిగిలిన నాలుగుతో అరవై కావాలంటే పదిహేను రోజులు. అంత వ్యవధి లేదు. షెడ్డులో బోరు ఉంది కాని ఆ నీళ్ళలో పప్పు కూడా ఉడకదు. కాలవ నీళ్ళే పట్టాలనుకున్నాం.

జూన్ ముప్పై సోమవారం నేను షెడ్డుకు వెళ్ళేసరికి డ్రమ్ములో నీళ్ళు నింపి ఉన్నాయి. మేస్త్రీగారు రబ్బరు పాల కోసం కాకినాడ వెళ్ళారు. మూత తీసి చూశాను. ఎర్రటి బురద. ఐదు నెలలు డిస్టిల్డ్ వాటర్ తప్ప ముట్టని దాన్ని, ఈ నీళ్ళలో నా మట్టి ఎలా కలుపుతాను? సాయంత్రం బయల్దేరేముందు చేయవలసింది చేసి వెళ్ళాను. పొద్దున వచ్చేసరికి డ్రమ్ము అడుగు స్పష్టంగా కనిపిస్తోంది. చాలా తృప్తి కలిగింది.

మట్టి కలిపాం, పాలు పోశాం. ఆసిడ్ వేయకముందే అక్కడక్కడ తెల్లటి తరకలు తేలాయి. "ముందే విరుగుతున్నాయేంటండీ?" అన్నారు ఆయన. పాలు పాతవై ఉంటాయన్నాను. ముద్ద కట్టాక ఆవిరి గదిలో ఆరబెట్టి, పలక చేసి, ముక్కలు కోసి నాకు పంపారు. నా టెస్టు కాకుండా ఏదీ మిల్లుకు వెళ్ళకూడదని మా ఒప్పందం.

జులై తొమ్మిది, బుధవారం. మొదటి ముక్క పదిహేను కేజీల దగ్గర తెగింది. రెండోది పద్నాలుగు. ఆరూ లాగాను. సగటు పదిహేను. మట్టి అసలు కలపని రబ్బరు కన్నా ఏడు కేజీలు తక్కువ.

ఆయన తెగిన ముక్కను గచ్చు మీదికి వదిలారు. డుబ్బుమని పడింది. తర్వాత కొరికారు. "పంటి కింద ఇసక తగుల్తోందండి. మట్టి విడిపోలేదు. ఉండ కట్టేసింది."

నేను రిజిస్టరులో అంకెలు రాసి, 'కారణం' అన్న గడి దగ్గర ఆగిపోయాను. మట్టి అదే, పాలు అవే, కొలతలు నావే. ఆయన ముక్క సాగదీస్తూ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఇంకా పన్నెండు రోజులున్నాయి.

"మేడంగారూ, ఆ నీళ్ళెక్కడివండి?"

"అదేంటండీ, మీ డ్రమ్ములోవే. కాలవ నీళ్ళు."

"అంత తేటగా ఉంటే మీరు టౌను నుంచి ఫిల్టరు నీళ్ళు తెప్పించారనుకున్నానండి. ఆషాఢంలో కాలవ నీళ్ళు తేటగా ఎలా ఉన్నాయండి?"

"పటిక వేశాను" అన్నాను. "గుప్పెడు ముక్క గుడ్డలో మూటగట్టి డ్రమ్ములో వేలాడదీశాను. వానాకాలం అందరం చేసేదే కదా."

ఆ మాట పూర్తి కాకముందే నాకు తెలిసిపోయింది. ఆయన అప్పటికే నవ్వుతున్నారు. బల్ల పట్టుకుని నవ్వారు.

"అమ్మా, నీళ్ళలో మట్టి కిందికి దిగాలనే కదండీ పటిక వేసేది. మనమేమో మట్టిని దిగనివ్వకుండా పైన నిలబెట్టాలని ఐదు నెలల్నుంచి చస్తన్నాం."

ముప్పై ఏళ్ళుగా క్లాసులో చెబుతున్నాను, పటిక నీళ్ళలోని మట్టి రేణువుల్ని ఒకదానికొకటి అంటుకునేలా చేసి అడుక్కి దించుతుందని. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న. కాని డ్రమ్ము ముందు నిలబడ్డది ఆ పాఠం చెప్పే మనిషి కాదు. మంచినీళ్ళ బిందెలో చిన్నప్పటి నుంచి పటిక తిప్పుతున్న చెయ్యి. వెంటనే రెండు గాజు జాడీలు తీసి ఒకదానిలో పటిక నీళ్ళు, ఇంకోదానిలో డిస్టిల్డ్ వాటర్ పోసి చెరో చెంచా మట్టి నీళ్ళు కలిపాను. పది నిమిషాల్లో పటిక జాడీలో మట్టి అంతా అడుగున కూర్చుంది. రెండో జాడీ పల్చటి మజ్జిగలా అలాగే ఉంది. తప్పు నాదే, అనుమానం లేదు. ఆశ్చర్యం ఏమిటంటే నాకు సిగ్గు కన్నా ముందు సంతోషం వచ్చింది. కారణం దొరికింది.

"పదండి, షెడ్డులో అందరికీ చెబుతాను" అన్నాను.

"వద్దండి. పాలు పాతవని చెప్పేత్తాను. రేపట్నుంచి వాళ్ళు మీరు చెప్పిన కొలతలే వినాలి. ఇప్పుడిది చెబితే ప్రతి గ్లాసుకీ 'ఇదీ పటికేనా' అంటారు." తర్వాత రిజిస్టరు వైపు చూసి, "ఆ గడి కూడా ఇప్పుడొద్దు. రోలరు తిరిగాక రాసుకుందురుగాని" అన్నారు.

నీళ్ళు మాత్రం ఇంకా లేవు. అప్పుడే బయట ఉరిమింది. ఆయన ముఖం వెలిగిపోయింది. "డిస్టిల్డ్ వాటరు పైనుంచే వస్తాదండి."

మర్నాడు గురువారం నేను సెలవు పెట్టి ల్యాబులోని ఎనిమిది లీటర్లూ రెండు క్యాన్లలో నింపుకుని బస్సెక్కాను. షెడ్డు ముందు వెదురు గుంజలు పాతి రెండు ఉతికిన తెల్ల గుడ్డలు నాలుగు మూలలా కట్టి ఉన్నాయి. ఒక్కోదాని నడుమ కడిగిన గులకరాయి, దాని కింద డ్రమ్ము. వాన గుడ్డ మీద పడి, రాయి దగ్గరికి జారి, సన్నటి ధారగా డ్రమ్ములోకి దిగుతుంది. ఉప్పునీటి ఊళ్ళలో మంచినీళ్ళు పట్టుకునే పద్ధతే.

"గుడ్డ ఒక్కోటి ఎంత ఉంది?" అన్నాను.

"మూడు చదరపు మీటర్లుంటాదండి."

"రెండూ కలిపి ఆరు. సెంటీమీటరు వాన పడితే అరవై లీటర్లు."

"అయితే ఒక్క సెంటీమీటరు అడుగుదారండి" అన్నారు ఆకాశం వైపు చూసి.

పన్నెండున్నరకు మొదలైంది. గాలిలో దుమ్ము పోవాలని మొదటి పది నిమిషాల నీళ్ళు పారబోయించాను. ఆ పది నిమిషాలూ ఆయన వానలోనే నిలబడి, "పోతన్నాయండి, పోతన్నాయండి" అంటూనే ఉన్నారు. ఆ తర్వాత కుండపోత. పనివాళ్ళు రాళ్ళు సరిచేస్తున్నారు, నేను కొలబద్దతో డ్రమ్ములు కొలుస్తున్నాను, ఆయన పంచె ఎగ్గట్టి ఒక డ్రమ్ము నుంచి ఇంకో డ్రమ్ముకు తిరుగుతున్నారు. నాలుగుంపావుకు వాన వెలిసింది. యాభై రెండు లీటర్లు. నేను తెచ్చిన ఎనిమిదితో అరవై. ఒక్క లీటరు ఎక్కువా లేదు, తక్కువా లేదు. నా జీవితంలో అంత బాగా కలిసిన కూడిక ఇంకోటి లేదు.

ఈసారి పాలు ఆసిడ్ వేశాకే విరిగాయి. పద్దెనిమిదో తేదీన ఆరు ముక్కలు లాగాను. సగటు ముప్పై. ఆయన ముక్కను గచ్చు మీదికి వదిలారు. అది బల్ల అంత ఎత్తు ఎగిరి బెంచీల కిందికి వెళ్ళిపోయింది. మా అటెండరు పాకి తీశాడు.

ఇరవై ఒకటో తేదీ పొద్దున రాజుగారి మిల్లులో జత ఎక్కింది. రబ్బరు మందం ఇరవై ఐదు మిల్లీమీటర్లు; అరిగి మూడు దగ్గరికి దిగితే జత మార్చాలి. రోజుకు పది గంటలు నడిచేది. ప్రతి సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా బస్సులో వెళ్ళి మిల్లు ఆగగానే వెర్నియర్‌తో కొలిచేదాన్ని. నేను అంకె చెప్పకముందే ఆయన గోటితో తడిమి తన అంకె చెప్పేవారు. ఎనభై గంటలు దాటిన రోజు రాజుగారు కుర్చీ తెప్పించుకుని రోలర్ల పక్కనే కూర్చున్నారు. ముప్పై ఒకటో తేదీ సాయంత్రానికి నూట పది.

"ఆపి కొలవండి" అన్నారు రాజుగారు.

"ఆరుకి కాస్త తక్కువండి" అన్నారు మేస్త్రీగారు, గోరు తీస్తూ.

"అయిదు పాయింట్ ఎనిమిది" అన్నాను వెర్నియర్ చూసి.

రాజుగారు కింద పడిన బియ్యం గుప్పెడు తీసి వెలుతురులో పెట్టి చూశారు. తెల్లగా ఉన్నాయి. "ఏం కలిపావయ్యా ఇందులో?"

"మట్టండి."

"నాతో పరాచికాలా?"

"మట్టేనండి. మేడంగారినడగండి. నాలుగువందల అరవై ఎకరాలు కలిపాం."

రాజుగారు నావైపు చూశారు. "అంత పట్టలేదండి. రెండువందల ఎనభై" అన్నాను. రబ్బరుకు పట్టిన మట్టి మూడు కేజీలే మరి. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వడం మొదలుపెట్టారు. ఆ జత నూట ఇరవై నాలుగు గంటల ఇరవై నిమిషాలు ఆడింది. మేస్త్రీగారు ఆగిన రోలరు మీద వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి విని, "ఇంకా పలుకుతోంది" అన్నారు. విజయవాడ ఆయనకు మర్నాడే కబురు వెళ్ళింది, మిక్సింగు మిల్లు అమ్మడం లేదని.

ఆ గడి నేను రాయలేదు. రోలరు తిరిగాక రాద్దామనుకున్నాను. తర్వాత రిటైరయ్యాను, రిజిస్టరు నాతో ఇంటికొచ్చింది. నా రిజిస్టర్లన్నిట్లో ఖాళీగా ఉన్న గడి అదొక్కటే. ఏటా ఆయన ఫోను వచ్చినప్పుడల్లా గుర్తొచ్చేది.

పద్నాలుగో తేదీన వాళ్ళమ్మాయి ఫోనులో ఇంకో మాట అడిగింది. షెడ్డు ఇప్పుడు తనే నడుపుతోంది.

"మేడంగారూ, మిమ్మల్నొకటి అడగొచ్చాండీ? ఏటా ఎర్రనీళ్ళు రాగానే నాన్నగారు తలుపేసుకుని మీకు ఫోను చేసేవారు. బయటికొచ్చి ఒకటే నవ్వు. ఏంటి నాన్నా అంటే చెప్పేవారు కాదు. ఇంట్లో మంచినీళ్ళ బిందెలో కూడా పటిక వేయనిచ్చేవారు కాదండి. నీళ్ళు తేటపడ్డానికి ఇందుపగింజ అరగదీయమనేవారు. పటికంటే ఆయనకెందుకండీ అంత పట్టింపు?"

ఆరేళ్ళయినా ఇంట్లో కూడా చెప్పలేదు. నేను ఫోను ఎడమచేతికి మార్చుకుని రిజిస్టరు తెరిచాను. అంటించిన ముక్క పసుపు రంగుకు తిరిగింది. కొస పట్టుకుని లాగి వదిలాను. వెనక్కి వెళ్ళి చురుక్కున తగిలింది.

"పటిక వేసింది నేనమ్మా" అని మొత్తం చెప్పాను. చెబుతూనే 2003 జులై తొమ్మిది ఎదుట 'కారణం' గడిలో రాశాను: నీటిలో పటిక. వేసింది నేను.

అవతల అచ్చం ఆయన నవ్వే. నవ్వి నవ్వి ముక్కు తుడుచుకున్న చప్పుడు వినిపించింది. ఆ వెనక ఎక్కడో ఇనప డ్రమ్ము దొర్లిస్తున్నారు.

"అక్కడేం జరుగుతోందమ్మా?"

"మబ్బు పట్టిందండి. గుడ్డలు కడతన్నారు."

"ఎన్ని చదరపు మీటర్లు?"

"రెండూ కలిపి ఆరండి."

సెంటీమీటరు పడితే అరవై లీటర్లు. సరిపోతుంది.

"మొదటి పది నిమిషాలవి పారబోయండి" అన్నాను.

"ఆయ్" అంది.